మా రెక్కల గాలి

అవనిగడ్డ కాలేజీ గ్రౌండ్‌లో దిగాం. ఉదయం తొమ్మిది దాటింది. వాన తెరిపి ఇచ్చింది కానీ గాలి తగ్గలేదు. గోల్‌పోస్టులు ఒరిగిపోయి ఉన్నాయి. ప్రహరీ అవతల కొబ్బరిచెట్లు తలలు విరిగి మొండిగా నిలబడ్డాయి. హెలికాప్టర్ చక్రాలు సగందాకా బురదలో దిగబడ్డాయి. ఫ్లైట్ ఇంజనీర్ కిందికి దూకి చూసి, "ఇక్కడే ఉంచితే ఇంకా దిగిపోతుంది సార్" అన్నాడు. రోటర్ రెక్కలు ఆపకుండానే లేపి, బాస్కెట్‌బాల్ కోర్టు సిమెంటు మీదికి జరిపాం.

తుఫాను ముందురోజు హంసలదీవి పక్కన తీరం దాటింది. మమ్మల్ని రాజస్థాన్ సరిహద్దు నుంచి పిలిపించారు.

మా హెలికాప్టర్ గురించి కొంచెం చెప్పాలి. అది వరదల కోసం తయారైంది కాదు. యుద్ధంలో మన పైలట్ ఎవరైనా విమానం దెబ్బతిని, పారాచూట్‌తో శత్రువు వైపు దిగాడనుకోండి. వాళ్ళ మనుషులు అతన్ని చేరేలోపు మేం చేరాలి, ఎత్తుకుని రావాలి. దాని పని అది. సీట్ల కింద ఉక్కు పలకలు, తలుపుల దగ్గర మెషీన్‌గన్లు. బయల్దేరేముందు గన్లు విప్పేశాం. పలకలు విప్పడానికి టైం ఇవ్వలేదు. అంత బరువు గాల్లో ఒకచోట నిలబడాలంటే అంత గాలినీ కిందికి తొయ్యాలి. ఆ గాలిలో మామూలు మనిషి కాళ్ళ మీద నిలబడలేడు. మా ప్రాక్టీసుల్లో కింద ఉండేవాడు ఎప్పుడూ సైనికుడే. బోర్లా పడుకోవాలనీ, దేన్నైనా గట్టిగా పట్టుకోవాలనీ, పైనుంచి వచ్చే ఇనుప తాడు నేలకి తగిలాకే ముట్టుకోవాలనీ అతనికి తెలుసు. ఇంట్లో ఉన్నవాళ్ళని, ఇంటి కప్పు మీద ఉన్నవాళ్ళని ఎత్తడం మాకెవరూ నేర్పలేదు.

నా పని వించ్, అంటే ఆ ఇనుప తాడుని దించి లాగే యంత్రం. నడుముకి బెల్టు కట్టుకుని తలుపు దగ్గర బోర్లా పడుకోవాలి. తల బయటపెట్టి కిందికి చూస్తూ, పైలట్‌కి చూపు నేనే అవ్వాలి. ముందుకు ఎంత, పక్కకి ఎంత, ఎక్కడ ఆపాలి అని చెబుతూ తాడు వదలాలి, లాగాలి.

"ఇది నీ ఏరియాయే కదా?" అని హెలికాప్టర్ నడిపే మా కెప్టెన్ అడిగారు.

"మాది గుడివాడ అవతల పల్లెటూరు సార్. బస్సులో రెండు గంటలు."

"మంచిదైంది. భాష తెలిసినవాడు ఒకడున్నాడు."

రోటర్ తిరుగుతుంటే ఏ భాషా వినపడదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

డిప్యూటీ తహసీల్దారు గారు జీపు బానెట్ మీద తడిసిన మ్యాపు పరిచారు. మనిషి నిద్రలేక తూలుతున్నారు. "కరకట్ట లోపల ఊళ్ళకి పడవలు వెళ్తున్నాయండీ. కట్ట అవతలే ఇబ్బంది. రొయ్యల చెరువుల మీద కాపలావాళ్ళు కొందరు ఉండిపోయారు."

"షెల్టర్‌కి రాలేదా అండీ?"

"మైకులో చెప్పాం, బతిమాలాం. మోటార్లు కొట్టుకుపోతే మా మీదకొస్తుందండీ అంటారు. ఏం చేస్తాం?"

మొదటి ట్రిప్పు బాగా జరిగింది. ఒక ఐసు ఫ్యాక్టరీ డాబా మీద ఉన్నవాళ్ళందర్నీ ఎత్తాం. సిమెంటు డాబా, చుట్టూ పిట్టగోడ. మా గాలికి చెక్కుచెదరలేదు. ఒక పెద్దాయన లోపలికి రాగానే నా చెవిలో అరిచాడు. ఏం దెబ్బ తగిలిందో అని వంగి విన్నాను. చెప్పులు డాబా మీద మర్చిపోయాడట. మా కమాండో నవ్వి తన వాటర్ బాటిల్ ఇచ్చాడు. తాడుకి వేలాడుతూ కిందికి దిగేది ఆ కమాండోనే. మణిపూర్ మనిషి, తక్కువ మాట్లాడతాడు.

మధ్యాహ్నం రెండో ట్రిప్పులో కట్ట దాటి సముద్రం వైపు వెళ్ళాం. చెరువులన్నీ ఏకమైపోయాయి. ఉప్పెన నీరు తిరిగి సముద్రంలోకి దిగుతోంది, మాంచి లాగుడు మీద ఉంది. ఒక చెరువు గట్టు ముక్క మాత్రం మిగిలింది. రెండు చివర్లూ తెగి ఉన్నాయి. ఆ ముక్క మీద తాటాకు పాక. పాక నడికొప్పు మీద ముగ్గురు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక ముసలామె. అతను ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు.

"కనపడ్డారు సార్. ముగ్గురు. ముందుకి ముప్పై. ఇరవై. పది..."

అక్కడే పాక మీద ఆకు లేచింది. ముందు ఒకటి, తర్వాత వరస మొత్తం. పక్షి రెక్క విప్పినట్టు ఒక వైపు కప్పు లేచి నిలబడింది. ఆడమనిషి దాని మీద అడ్డంగా పడుకుంది.

"ఆగండి. వెనక్కి. వెనక్కి, పైకి."

కెప్టెన్ వెంటనే వెనక్కి తీశారు. కప్పు మళ్ళీ కిందికి పడింది. వాళ్ళకి అర్థం కాలేదు. దగ్గరికి రమ్మని రెండు చేతులతో పిలుస్తున్నారు.

తాడు ఎంత పొడవుంటే అంత ఎత్తు నుంచి ప్రయత్నించాం. కమాండో దిగాడు. ఆ గాలికి తాడు ఊయల ఊగింది. అతను బొంగరంలా తిరుగుతూ పాక దాటిపోయి నీళ్ళల్లో పడ్డాడు. కొట్టుకొస్తున్న తాటిమొద్దు ఒకటి అతని భుజానికి తగిలింది. పైకి లాగాను. చెయ్యి వేలాడుతోంది. తలుపులో కూర్చోబెడితే, "ఇంకోసారి పంపండి సార్" అన్నాడు. కెప్టెన్ వద్దన్నారు.

"పడవ?" అని కోపైలట్ రేడియోలో అడిగాడు.

కింద నుంచి జవాబు వచ్చింది. "నాగాయలంక నుంచి బోటు బయల్దేరింది. నీటి లాగుడు తగ్గితే కానీ రాలేమంటున్నారు. సాయంత్రం అవ్వొచ్చు."

గట్టు ముక్క కోసుకుపోతోంది. మట్టిపెళ్ళలు విరిగి పడటం పైనుంచి కనపడుతోంది. సాయంత్రం దాకా ఆగుతుందని మాలో ఎవరం అనుకోలేదు. ఇంధనం కూడా తగ్గుతోంది.

"తెప్ప వేద్దాం" అన్నారు కెప్టెన్.

అది సముద్రంలో పడ్డ పైలట్ల కోసం ఉంచే గాలితెప్ప. నీళ్ళల్లో పడగానే దానంతటదే ఉబ్బుతుంది. వెనక పొడుగ్గా తాడు ఉంటుంది. గాలికి ఎదురు వైపు వేస్తే, కొట్టుకొచ్చి మనిషి దగ్గరికి తాడు చేరాలి. పద్ధతి ప్రకారమే వేశాను. సరిగ్గానే పడింది. నారింజ రంగు తెప్ప ఉబ్బి, పాక వైపే వచ్చింది. తాడు పాక చూరుకి బారెడు దూరంలో వెళ్తోంది.

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తువ్వాలు నడుముకి చుట్టుకుని దూకాడు. తాడు అందుకున్నాడు. పాక నిట్టాడి గుంజకి కట్టేద్దామని అతని ఉద్దేశం. ఒక చేత్తో తాడు, ఇంకో చెయ్యి గుంజ వైపు చాపి ఈదుతున్నాడు. గాలి తెప్పని ఉత్తరానికి తోస్తోంది. నీరు అతన్ని దక్షిణానికి లాగుతోంది. చాలాసేపు వదల్లేదు.

"అతని మీదికి వెళ్దాం సార్."

"వెళ్తే పాక పోతుంది."

నిజమే. అతను ఇంకా పాక పక్కనే ఉన్నాడు. కాస్త దూరం కొట్టుకుపోతే వెళ్ళొచ్చని కాచుకున్నాం. కమాండో ఒంటిచేత్తో బెల్టు తగిలించుకుని తయారుగా కూర్చున్నాడు. ఇంతలో తాడు ఒక్కటే తేలింది. తల ఒకసారి కనపడింది, మళ్ళీ ఒకసారి. వెంటనే మేం ఆ చోటికి వెళ్ళాం. మా గాలికి నీళ్ళు తెల్లగా చిమ్ముతున్నాయి తప్ప ఏం కనపడలేదు. ఇంధనం మీటర్ మీద ఎర్ర లైటు వెలిగేదాకా అక్కడే తిరిగాం. తర్వాత వెళ్ళిపోవాల్సి వచ్చింది. పాక మీద ఇద్దరూ మా వైపు చూడటం లేదు.

దూరంగా ఉన్న ఎయిర్‌బేస్ దాకా వెళ్ళి ఇంధనం నింపుకుని తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. బోటు అప్పుడే చేరి ఇద్దర్నీ ఎక్కించుకుంటోంది. పాక నిలబడే ఉంది. గట్టు ముక్క కూడా నిలబడే ఉంది.

ఆ విషయం మీద తర్వాత విచారణ జరిగింది. అంతా పద్ధతి ప్రకారమే చేశామని తేల్చారు. నేను కూడా ఎన్నోసార్లు మొదటి నుంచి లెక్క వేసి చూసుకున్నాను. వేరే ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. రిటైరై నేనిప్పుడు ఉంటున్న గుడివాడలో ఉదయం వాకింగ్‌కి వచ్చేవాళ్ళు, "ఎంతమందిని కాపాడారండీ మీరు?" అని మర్యాదగానే అడుగుతుంటారు. అడిగినప్పుడు నాకు ఐసు ఫ్యాక్టరీ డాబా గుర్తురాదు.

అతను కొట్టుకుపోయిన మర్నాడు, ఆ మర్నాడు అతని కోసం వెతికాం. వెతకడం మా పనే. మడ చెట్ల మీద, ఇసుకదిబ్బల మీద, నది సముద్రంలో కలిసే చోటు దాకా. తెప్ప దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ సాయంత్రం తుఫాను షెల్టర్‌కి వెళ్ళాను. పాక మీద ఉన్న ఆడమనిషి పేరు రూతమ్మ. దూకిన ఆమె భర్త పేరు దానియేలు. ముసలామె దానియేలు తల్లి, శాంతమ్మ. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్ళినట్టున్నారు, వాళ్ళ చుట్టూ ఇంకా కొందరు కూర్చుని ఉన్నారు. నా యూనిఫాం చూసి చోటిచ్చారు.

"నేను ఆ హెలికాప్టర్‌లో ఉన్నానమ్మా" అన్నాను.

రూతమ్మ తలెత్తింది. "తెలుగువాళ్ళాండీ మీరు?"

"గుడివాడ దగ్గరమ్మా."

 రూతమ్మ అంది. "మీరు వెనక్కెళ్ళిపోతుంటే నేను తిట్టానండీ. ఆయనే అన్నాడు. మన పాక లేచిపోద్దని ఆగారే, పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అని."

నేను చెబుదామనుకున్నది అదే. అతను ముందే చెప్పేశాడు. 

శాంతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బాబూ, మాకు కింద నుంచి కనపళ్ళేదు. పైనుంచి మీకు కనపడుంటది. మావోడు ఎటు పోయాడు?"

"దక్షిణం వైపండీ."

"ఈదుతున్నాడా అప్పటికి?"

"ఈదుతున్నాడమ్మా."

"చిన్నప్పట్నుంచీ బాగా ఈదుతాడు" అంది. చెయ్యి వదల్లేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాను.

మాకు వాపసు ఆర్డరు వచ్చింది. పొద్దున్నే బయల్దేరాం. గాలి పూర్తిగా పడిపోయింది. ఆకాశం నీలంగా ఉంది. వెళ్ళేముందు ఒక్కసారి తీరం వెంట చూద్దామన్నారు కెప్టెన్. తలుపు తెరుచుకుని నా చోట్లో పడుకున్నాను. హంసలదీవి వైపు పల్లెల్లో జనం అప్పటికే పాకలు మళ్ళీ కప్పుకుంటున్నారు. కొన్నిటికి నీలం టార్పాలిన్లు, కొన్నిటికి పచ్చి తాటాకు, ఇంకా కట్లు పడలేదు.

మా శబ్దం విని అందరూ ఒక్కసారి తలెత్తారు. తర్వాత పరుగెత్తారు. మగవాళ్ళు కప్పుల మీదికి ఎక్కి బోర్లా పడుకున్నారు. ఆడవాళ్ళు టార్పాలిన్ అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయారు. ఒకామె బిడ్డని నేల మీద దించి వెళ్ళి చూరుకి వేలాడింది.

"ఏం చేస్తున్నారు వాళ్ళు?" కెప్టెన్ గొంతు చెవుల్లో వినపడింది.

"పాకలు పట్టుకున్నారు సార్. మన గాలికి భయపడి."

 ఆయన హెలికాప్టర్‌ని మెల్లగా పైకి లేపారు. ఎంత ఎత్తుకి వెళ్ళినా వాళ్ళు లేవలేదు. కప్పుల మీద పడుకునే, మొహాలు పైకెత్తి, మేం వెళ్ళిపోయేదాకా మమ్మల్నే చూస్తూ ఉన్నారు.