గోడ మీది వేషం

సినిమాల్లో నా వయసు వాళ్ళకి దొరికే ఉద్యోగాలు రెండే. ఒకటి దగ్గడం, రెండోది పోవడం. తెర మీద తెల్లజుట్టు మనిషి మనవడి పెళ్ళి చూడాలని ఉందన్నాడంటే చాలు, ఇంక చూడడని పక్క సీటువాడికి ముందే చెప్పేస్తాను. ఈమధ్య మూడో ఉద్యోగం ఒకటి వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్రాళ్ళ పాటకి నడుం ఊపడం. అది చూసి హాలంతా ఈలలు వేస్తుంది. నా నడుం సంగతి నాకు తెలుసు కనుక నేను వెయ్యను.

ఇంత వెటకారం ఉన్నవాణ్ణి, మా ఇంటి హాల్లో షూటింగ్ చేసుకుంటామని ఒక డైరెక్టర్ అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అతను భిలాయ్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, ముప్పై దాటినవాడు. తీసేది హిందీ సినిమా. అతని తెలుగులోనూ సగం హిందీయే. ఇక్కడి ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాక స్మృతి నగర్‌లో నేను కట్టుకున్న ఇల్లు ఇది. ఒక్కసారైనా సినిమాలో కనబడకపోతే ఎలా అనిపించింది. మా ఆవిడ కూడా సరేనంది. పూజగది వైపు ఎవడూ పోకూడదని షరతు పెట్టి, షూటింగ్ రోజు పొద్దున్నే కూరల కోసం బజారుకి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. కథలో తాతగారు మొదటి సీనుకే పోయి ఉంటారు. దండ వేసిన ఫొటో ఒకటి గోడకి ఉండాలి, దాని ముందు మనవడు ఏడవాలి. ఆ ఫొటో తేవడం మరిచిపోయారు.

"అంకుల్, మీ ఫొటో ఏదైనా ఉందా? బస్, ఒక్క సీన్ కోసం," అన్నాడు డైరెక్టర్ మొహమాటపడుతూ.

మొహమాటం అతనిదే, నాది కాదు. రిటైర్మెంటు రోజు తీసిన ఫొటో తెచ్చి ఇచ్చాను. అందులో సన్మానం దండ మెడలోనే ఉంది. దాని మీద వీళ్ళు గంధపు దండ వేశారు. కింద దీపం పెట్టి అగరొత్తులు వెలిగించారు. ఎంతసేపు చూసుకున్నా బాగానే ఉన్నాను. దగ్గకుండా దొరికిన వేషం కదా! లైట్లు పెట్టడానికి చోటు చాలక సోఫాలు వరండాలోకి మోశారు, గేటు బయట కుర్చీలు వేశారు. నేను టీ గ్లాసు పట్టుకుని పెరట్లో కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే సెక్టర్ 2 నుంచి నా పాత స్నేహితుడు నన్ను చూడటానికి వచ్చాడు. శ్రీకాకుళం వైపువాడు, ప్లాంటులో నాతో పాటే పనిచేశాడు, నన్ను బావా అంటాడు.

ఇక్కడి మా తెలుగువాళ్ళలో ఒక పద్ధతి ఉంది. అయినవాళ్ళందరూ రైలెక్కి రావలసిన దూరంలో ఉంటారు గనక, ఒక ఇంట్లో మనిషి పోతే ఎవరూ పిలవక్కర్లేదు. ఒకడు ఫోన్లు చేస్తాడు. ఒకడు ఊరినుంచి వచ్చేవాళ్ళని దించుకురావడానికి దుర్గ్ స్టేషన్‌కి వెళతాడు. ఒకడు టెంటు సంగతి చూస్తాడు. ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది అని ఆ ఇంటివాళ్ళని అడగడం ఆ పూటకి తప్పు. నా స్నేహితుడిది ఫోన్ల డ్యూటీ. గేటు బయట కుర్చీలు చూశాడు, తెరిచిన తలుపులోంచి గోడ మీద నా ఫొటో, దండ, దీపం చూశాడు. లైట్లు మోసేవాళ్ళని టెంటువాళ్ళనుకున్నాడు. గడప తొక్కకుండా, ఒక్క మాట అడగకుండా, రోడ్డు మీదే నిలబడి డ్యూటీ మొదలుపెట్టాడు.

మొదటి ఫోను మా ఆవిడకే.

"సెల్లెమ్మా, ఎక్కడున్నా బేగి ఇంటికొచ్చీ. ఏటీ అడగొద్దు," అన్నాడట.

కిందటేడు గుండెనొప్పి వచ్చి నేను ఆసుపత్రిలో పడి ఉన్నాను. అప్పటినుంచి నేను బాత్రూములో కాస్త ఆలస్యం చేసినా ఆవిడ తలుపు కొడుతుంది. అలాంటి మనిషికి వెళ్ళింది ఆ ఫోను. ఆటో దిగి, కూరల సంచీ గేటు దగ్గరే పడేసి, హాల్లోకి వచ్చి ఫొటో ముందు నిలబడిపోయింది. ఏడవలేదు. కుర్చీ వీపు పట్టుకుని అలా చూస్తూ ఉంది. కెమెరా అతను, పాపం, ఎవరో కొత్త ఆర్టిస్టు అనుకుని తీసేస్తున్నాడు. ఆటో చప్పుడు విని నేను టీ గ్లాసుతో లోపలికి వచ్చాను.

"ఏటే, కూరలేవీ?" అన్నాను.

ఇటు తిరిగి నన్ను చూసింది. తరవాత తెలుగులో మొదలుపెట్టి, హిందీ మీదుగా ఛత్తీస్‌గఢీ దాకా వెళ్ళి, మళ్ళీ తెలుగులోకి వచ్చి తిట్టింది. ఆ గొంతు విని నా స్నేహితుడు లోపలికి తొంగిచూశాడు.

"నువ్వున్నావేటి బావా!" అన్నాడు, కొంచెం నిరాశగానే. అప్పటికే ఒకడు దుర్గ్ స్టేషన్‌కి బయలుదేరాడు, ఎవరిని దించుకురావాలో తెలియకుండానే. ఆ ఫోన్లన్నీ మళ్ళీ చేసి వెనక్కి తీసుకోవడానికి పాపం బయటికి పరిగెత్తాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. చెయ్యి చాపి నా ఫొటో మీది దండ లాగేసింది.

"ఈయన ఫొటోకి దండేత్తే నానొప్పుకోను. సచ్చినోళ్ళే కావాలంటే నా ఫొటో ఎట్టుకోండి. ముత్తయిదువగా ఎల్లిపోనానని అందరూ మెచ్చుకుంతారు," అంది.

డైరెక్టర్‌కి టైము మించిపోతోంది. "ఠీక్ హై ఆంటీ. దాదాజీ బదులు దాదీ," అన్నాడు. అసిస్టెంటు చటుక్కున షోకేసులోంచి ఆవిడ ఫొటో తీసి గోడకి తగిలించాడు. ఆవిడ చేతిలోని దండ అందుకుని పైకెత్తాడు.

పొద్దుటినుంచి నా దండ మీద నేనే జోకులు వేసుకుంటున్నాను. అదే దండ ఆవిడ మొహం దాకా వెళ్ళేసరికి నాకు నిజంగా భయమేసింది. బజారు నుంచి ఇంటిదాకా ఆటోలో ఆవిడ ఒక్కతే ఇదే భయంతో వచ్చిందని అప్పుడు తెలిసింది.

"వొద్దు. తీసీ," అని అసిస్టెంటు చెయ్యి పట్టుకున్నాను.

"మరి ఎవరు చనిపోవాలి అంకుల్?" అన్నాడు డైరెక్టర్ ఏడుపుమొహం పెట్టి.

"ఎవులూ సావరు," అన్నాం ఇద్దరం.

అసలు ఇబ్బంది అప్పుడు మొదలైంది. బతికున్న ముసలివాళ్ళకి ఏం పని చెప్పాలో ఆ యూనిట్లో ఒక్కడికీ తెలియలేదు. దగ్గమంటే ఆవిడ ఒప్పుకోలేదు. దీవించమంటే నాకు నవ్వొచ్చింది. చివరికి డైరెక్టర్ తల పట్టుకుని, రోజూ ఈ టైముకి మీరిద్దరూ ఏం చేస్తారని అడిగాడు.

"కొట్లాడుకుంతాం," అంది ఆవిడ.

"బస్. అదే చేయండి."

సోఫా మళ్ళీ లోపలికి వచ్చింది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి యాక్షన్ అన్నారు. బెండకాయలు ముదిరినవే తెచ్చుంటావు, నీకు ఏరడం ఎప్పుడొచ్చిందని నేను అందుకున్నాను. మామూలు రోజైతే ఆ ఒక్క మాట మధ్యాహ్నం దాకా సరిపోతుంది. ఇవాళ ఆవిడ నా చొక్కా కాలరు సరిచేసి, చెయ్యి అక్కడే ఉంచేసింది. నేను తరవాతి మాట మరిచిపోయాను.

"కట్, కట్!" అన్నాడు డైరెక్టర్ విసుగ్గా. "ఇలా కాదు ఆంటీ. కొంచెం రియల్‌గా చేయండి."