గురవమ్మను నిద్రలేపిన పండగ

తిట్టే యజమానురాలైతే చాటుకు పోయి నాలుగు తిట్టుకుని మనసు తేలిక చేసుకోవచ్చు. గురవమ్మ ఖర్మకు మస్కట్‌లో దొరికిన ఉల్రికా మేడమ్ ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. స్వీడన్ దేశస్థురాలు, మొగుడు ఓడరేవు పనుల్లో ఇంజినీరు. ఏ మాటకైనా ముందు ‘ప్లీజ్’, వెనక ‘థాంక్యూ’. ఆ రెంటి నడుమ ఎంత పనైనా ఇమిడిపోతుంది. ‘నువ్వు మా ఇంటిమనిషివి’ అని ఆమె అన్నప్పుడల్లా గురవమ్మకు గుండె గుభేలుమనేది. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఏదో ఒక సెలవు కొట్టుకుపోయేది.

ఈసారి పోయింది మామూలు సెలవు కాదు. రాయచోటిలో కూతురు రెడ్డెమ్మకు తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో, తల్లి చేతులమీదుగా జరగాలి. అది పెద్దల చాదస్తం కాదు, ఆడపిల్ల హక్కు. అత్తవారు సీమంతం చేసి, ఒడి నింపి పిల్లను పంపేశారు కూడా. పుట్టిల్లయితే ఉంది, అందులో మనుషులేరీ? తండ్రి అంకయ్య ఒమాన్‌లోనే బర్కా ఊళ్లో ఖర్జూర తోటలో ఉన్నాడు, తల్లి మస్కట్‌లో పరాయి పిల్లల జడల దగ్గర ఉంది. చివరికి గురవమ్మ తమ్ముడి భార్య మల్లీశ్వరి పిల్లను తనింట్లో పెట్టుకుని చూసుకుంటోంది.

డిసెంబరు మొదట్లో ఇంటికి పోవాలని గురవమ్మ ఎండాకాలంలోనే అడిగి పెట్టింది. మేడమ్ సంతోషంగా ఒప్పుకుంది. పుట్టబోయే బిడ్డకని ఊలు టోపీ కూడా అల్లింది. రాయచోటి ఎండల్లో ఊలు టోపీ ఎవరు పెట్టుకుంటారో ఆమెకే తెలియాలి. తీరా నవంబరు చివర్లో మేడమ్ వంటగదిలోకొచ్చి గురవమ్మ భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి పడగానే సంగతి అర్థమైపోయింది.

“లూసియా అయ్యాక వెళ్తే సరిపోదా? పిల్లలు చాలా ఆశ పెట్టుకున్నారు. డెలివరీ ఇరవయ్యో తేదీ అన్నావు కదా?”

లూసియా అంటే వాళ్ల దేశపు దీపాల పండగ. అక్కడ చలికాలంలో సూర్యుడు మొహం చాటేస్తాడట. డిసెంబరు పదమూడున తెల్లవారకముందే ఇంటి ఆడపిల్ల తెల్లగౌను తొడుక్కుని, నడుముకు ఎర్ర పట్టీ కట్టుకుని, తలమీద కొవ్వొత్తుల కిరీటంతో పాట పాడుతూ వచ్చి, పడుకున్నవాళ్లను కాఫీ, కుంకుమపువ్వు రొట్టెలు ఇచ్చి లేపుతుంది. చీకట్లో మగ్గే దేశానికి అది కావాల్సిందే, కాదనలేం. ఏడాదంతా ఎండ మాడ్చే ఒమాన్‌లో ఆ దీపం ఎవరికో గురవమ్మకు ఎన్నేళ్లయినా బోధపడలేదు. పైగా ఆ రోజు తమ దేశంలా ఉండాలని ఏసీ పెంచి ఇల్లంతా వణికిస్తారు.

అయినా గురవమ్మ తల ఊపింది. ఆమె ధైర్యం ఆమెది. తొలిచూలు ఎప్పుడూ లెక్క దాటాకే అని వాళ్ల ఇళ్లలో గట్టి నమ్మకం. తనకూ అలాగే అయింది, తన చెల్లెలికీ అలాగే అయింది. పద్నాలుగున విమానమెక్కితే చాలు, బిడ్డ తనకోసం ఆగుతుందనుకుంది.

పక్క విల్లాలో పనిచేసే మహమూదాదీ కడపే. ఆ మాట వినగానే గోడ అవతలి నుంచి గయ్యిమంది.

“ఏందిక్కా నువ్వు! బిడ్డకు కాన్పని తెలిసీ తలకాయ ఊపొచ్చినావా? పండగ వాళ్లది, పిల్లోళ్లు వాళ్లోళ్లు. ఆడ నీకేం పని?”

“తొలిచూలు ముందర రాదులే మహమూదా.”

“ఆ మాట కడుపులో ఉండేదానికి చెప్పినావా?”

చెప్పలేదు మరి. పన్నెండో తేదీ సాయంత్రం గురవమ్మ రొట్టెల పిండిలోకి కుంకుమపువ్వు నూరుతుంటే మల్లీశ్వరి ఫోన్ చేసింది.

“వదినా, రెడ్డెమ్మకు నొప్పులు మొదలైనాయి. ఆస్పత్రికి తీసకపోతాండాం. నువ్వు భయపడాకు.”

గురవమ్మ రోటివైపు చూసింది. కడుపుతో ఉన్న పిల్లకు రోజూ పాలల్లో రెండు రేకులు వేసి తాగించడం తల్లి పని. రెడ్డెమ్మ కోసం ఇక్కడి సూక్ బజారులో కొన్న కుంకుమపువ్వు డబ్బా మూత విప్పకుండా పెట్టెలోనే ఉంది. ఇక్కడ చూస్తే రెండు చేతులూ పసుప్పచ్చగా అదే కుంకుమపువ్వు. ఆ చేతులతోనే మేడమ్ దగ్గరికి పోయి, ఈ రాత్రికే విమానం దొరుకుతుందేమో చూడమని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

మేడమ్ ఆమెను కావలించుకుంది. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకుంది. “ఎంత మంచి వార్త! నువ్వు వెళ్లేసరికి బిడ్డ ఎదురుచూస్తూ ఉంటుంది. రేపు పొద్దున ఒక్కటే, ప్లీజ్. ఒక రహస్యం చెప్పనా? ఈసారి పిల్లలు లేపేది నిన్నే! తెలియనట్టే ఉండు.”

అదీ సన్మానం. రొట్టెలు కాల్చేది గురవమ్మ. కాఫీ కాచేది, పిల్లల తలలు దువ్వేది, కిరీటంలో బ్యాటరీలు వేసేది గురవమ్మ. అన్నీ ముగించి గబగబా గదిలోకి పోయి, గురక పెడుతున్నట్టు పడుకుని, వాళ్లు లేపగానే బుగ్గన చెయ్యి పెట్టుకోవాల్సిందీ గురవమ్మే. తన పెళ్లికి తానే వండి, తానే వడ్డించి, విస్తరి ముందు కూర్చుని ‘అబ్బ, ఎవరు చేశారమ్మా!’ అన్నట్టుంది వరస.

ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదు. తెల్లవారుజామున రొట్టెలు పొయ్యిలోంచి తీసి, మేడమ్ పిల్లలు ఎనిమిదేళ్ల టూవాకు, ఐదేళ్ల సాగాకు తెల్లగౌన్లు తొడిగింది. టూవా కిరీటం సర్దుకుని, “ఇక నువ్వు పోయి నిద్రపో!” అని హుకుం చేసింది. ఆ పిల్లకు ఇందులో వింతేమీ కనపడలేదు.

గురవమ్మ దుప్పటి కప్పుకుంది. గోళ్లలో పిండి ఇంకా అంటుకునే ఉంది. గడపలో పాట మొదలైంది. మేడమ్ వీడియో తీస్తోంది. రెండో చరణంలో దిండు కింద ఫోన్ గుర్రుమంది. గురవమ్మ ఒక కన్ను తెరిస్తే, మేడమ్ నవ్వుతూ పెదవులమీద వేలు పెట్టింది. మొదటిసారి ఒంటరిగా పాడుతున్న సాగా గొంతు వణుకుతోంది. ‘అయిపోవస్తోంది, ఒక్క క్షణం’ అనుకుంది గురవమ్మ. ఫోన్ ఆగిపోయింది.

పాట అయ్యాక ఆమె లేచి నేర్పినట్టే ఆశ్చర్యపోయింది. మేడమ్ చప్పట్లు కొట్టి, కాస్త నొచ్చుకుంది. “అయ్యో, కళ్లు ముందే తెరిచావు, వీడియోలో పడింది. ఇంకొక్కసారి చేద్దామా?”

“నా కూతురి ఫోన్, మేడమ్.”

“రెండే నిమిషాలు, ప్లీజ్.”

పిల్లలు అప్పటికే బయటికి పరిగెత్తారు. గురవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కినా, పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పడుకుంది. ఎందుకు పడుకుందని అడిగితే ఏం చెబుతాం? ఏళ్ల తరబడి నిలువుగా ఊగిన తలకు అడ్డంగా ఊగడం ఒక్క పూటలో రాదు. ఈసారి ఫోన్ ఇంకా ఎక్కువసేపు మోగి ఆగింది.

ఆ తర్వాత కాఫీ అన్నారు, ఫోటోలు అన్నారు, గంటసేపు కదలనివ్వలేదు. ఫోన్ మళ్లీ మోగేసరికి చేతిలో పెట్టిన రొట్టెను అలాగే పక్కన పడేసి గురవమ్మ ఫోన్ తీసింది. మల్లీశ్వరి గొంతు ఆనందంతో పగిలిపోతోంది. “ఆడబిడ్డ వదినా! తల్లీబిడ్డా బాగుండారు. ఇదో, దాంతో మాట్లాడు.”

“అమ్మా.” రెడ్డెమ్మ గొంతు నీరసంగా ఉంది. “లోపలికి తీసకపోయే ముందర నీ గొంతు ఇనాలని అత్తతో చేపిచ్చినా. తీయలే. మళ్లా చేపిచ్చినా. నిద్దరపోయినావా మా?”

పిల్లలు, మేడమ్ నవ్వుమొహాలతో చూస్తున్నారు. గురవమ్మ ఫోన్‌ను మేడమ్ చేతిలో పెట్టింది.

“నా కూతురు. నేను నిద్రపోలేదని మీరే చెప్పండి, మేడమ్.”

మేడమ్ తడబడుతూ ఫోన్ అందుకుని “కంగ్రాచులేషన్స్!” అంది. అటువైపు నుంచి రెడ్డెమ్మ ఏడుపు వినపడింది. ఏం చెయ్యాలో తెలియక మేడమ్ నవ్వుతూనే ఉంది, మళ్లీ అదే మాట అంది. గురవమ్మ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“నిద్దరపోలేదు తల్లీ. నువ్వు పిలిచింది ఇనపడింది, రెండుమార్లూ ఇనపడింది. కండ్లు మూసుకోని పండుకోమన్నారు, పండుకుంటి.”