గొట్టంలో నిలిపిన నీళ్లు

మా అక్క మొగుడు నూలు మిల్లులో గొట్టాల మేస్త్రీ. కుదురుగా కూర్చోవడం ఆయన జాతకంలోనే లేదు. జేబులోంచి చిన్న సుత్తి తీసి కనిపించిన గొట్టాన్నల్లా టకటక కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఓసారి నా నెత్తినీ కొట్టి, "లోపల ఖాళీ" అని తేల్చాడు.

మిల్లులో మంటలార్పే కొత్త గొట్టం ఆయనే బిగించాడు. పరీక్షకు నింపిన నీళ్లను తర్వాత వదిలేసి గొట్టాన్ని ఆరబెట్టాలి. "మళ్లీ నింపే శ్రమెందుకు?" అని మా బావ వాల్వు మూసేశాడు. వానాకాలమంతా ఆ నీళ్లు కదల్లేదు.

రేపు పంపు పూర్తి ఒత్తిడితో నడిపి చూస్తారనగా చివరి కుళాయి తిప్పాడు. నల్లటి నీళ్లు వచ్చాయి. సుత్తితో కొడితే మోత మాత్రం ఖంగుమంది. ఆ నీళ్లు సీసాలో పట్టుకుని భోజనానికి వచ్చాడు. నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే మా చెల్లెలు ఇంట్లోనే ఉంది.

"బావా, అన్నం దగ్గర ఈ కుళ్లిన గుడ్డు కంపేంటి?"

"తుప్పు నీళ్లే, అమ్మాయ్."

"తుప్పుకి ఈ కంపుండదు. ఇది బ్యాక్టీరియా పని. గాలాడని నీళ్లలో ఇనుముకి జిగురులా అంటుకుని, ఆ చాటున గుంటలు తవ్వుతాయి."

"ఇనుము నమలడానికి వాటికి పళ్లున్నాయా ఏం?"

"పళ్లెందుకు? అవి వదిలే వాయువే చాలు. ఇంతకీ నీళ్లెప్పటివి?"

బావ చేతిలో ముద్ద కంచంలోకి వదిలేశాడు. లేచి, గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరగసాగాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు?" అంది అక్క. ఆమెదీ అదే మిల్లు, ఆ గొట్టం కిందే దారం కండెలు మారుస్తుంది.

"రేపు నువ్వు పనికెళ్లకు."

"మరి నా పక్కమ్మాయి? తనకీ చెప్తారా?"

చెయ్యి కడుక్కోకుండానే మిల్లుకి పరుగెత్తాడు. "నీళ్లు వదలనిది నేనే సార్. రేపు పంపు వేయొద్దు, ఒత్తిడికి గొట్టం పగలొచ్చు" అన్నాడు మేనేజరుతో.

"గొట్టం పెళ్లికొడుకులా మెరుస్తోంది కదయ్యా!"

ఓ ముక్క కోసి చూశారు. పైన పటారం, లోన లొటారం. జిగురు గీకితే కింద గుంటలు. ఒకదాంట్లో మేకు నొక్కగానే అవతలికి వచ్చింది. మేనేజరు నుదురు తుడుచుకుని, బావని ఓ గంట చీవాట్లేసి, బాగుచేసే పని ఆయనకే అప్పజెప్పాడు. పాడైన భాగాలు మార్చారు. మిగతాది రుద్ది, బ్యాక్టీరియాను చంపే మందు నీళ్లతో కడిగి, వేడిగాలితో ఆరబెట్టారు. ఇకపై పరీక్ష కాగానే నీళ్లు వదలాలి. నిలవ ఉంచక తప్పనిచోట మందు కలిపి, తరచూ ల్యాబుకి పంపాలి.

పంపు నడిచిన రోజు చుక్క కారలేదు. బావ సాయంత్రం దాకా గొట్టం కిందే తచ్చాడాడు.

ఇంటికొచ్చాక అక్క వెతుక్కుంది. "ఇక్కడ పెట్టిన మంచినీళ్లేవీ?"

"నిలవున్నాయని పారబోశా."

"ఇప్పుడేగా పెట్టింది!"

చెంబు శుభ్రంగా తుడిచి బోర్లించి ఉంది.