మార్తమ్మ తెచ్చిన మారేడు గడ్డ గింజలు

2011 వేసవి. తుర్కయంజాల్‌లోని ఓ చిన్న టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మొక్క ముక్కను గాజు సీసాలో పెంచి, దాని నుంచి వేల మొక్కలు తీసే పని. మాకొచ్చేవన్నీ అరటి ఆర్డర్లే.

ఒకరోజు మార్తమ్మ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ ఊడ్చేది, ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉండేది. సొంతూరు నల్లమల అంచున. కొంగు ముడి విప్పి నాలుగు ఎండు కాయలు బల్ల మీద పెట్టింది. మారేడు గడ్డ. పూజకు వాడే మారేడు కాదు, రాళ్ల సందుల్లో పాకే తీగ. వేరు విరిస్తే నన్నారి షర్బత్ వాసన. తవ్వి అమ్ముకోవడంతో అప్పటికే అరుదైపోయింది.

"మా గుట్ట మీద ఒక్క తీగె మిగిలింది మేడం. కాయ పగిలి గింజలు గాలికి లేస్తయి. మునుపు ఎంటనే వాన పడుతుండె. ఇప్పుడు నెల దాటినా ఒస్తలేదు."

ఆ గింజ ఆయుష్షు కొన్ని నెలలే. కాలే రాతి మీద అదీ ఉండదు.

"ఇంత దూరం దీని కోసమే వచ్చారా?"

"మా అమ్మ దీని గడ్డతోని తొక్కు వెడుతుండె. ఆమె చేతులకు ఎప్పుడూ గా వాసనే. జర మొలిపియ్యండి." కొంగు సర్దుకుంటూ, "మీదేడ మేడం?" అంది.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే జంకేదాన్ని. "తెనాలి" అన్నాను.

"మీరూ ఊరు ఇడిసొచ్చినోళ్లేనా" అంది నెమ్మదిగా.

పదకొండు మొలిచాయి. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, కరెంటు గంటల తరబడి పోయేది. మొక్కలకు చల్లదనం, వెలుతురు కొలిచి ఇచ్చే గ్రోత్ రూమ్ ఉడికిపోయింది. మార్తమ్మ ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ధర్నాకు కూర్చుని, అటునుంచి నడిచి మా దగ్గరికి వచ్చేది. ఇద్దరం ట్రేలకు తడి గోనె కప్పేవాళ్లం. నాలుగు దక్కాయి.

మరుసటి ఏడు జూన్‌లో గుట్టెక్కాం. పాత తీగ ఎండిపోయి ఉంది. దాని పక్కనే నాలుగూ నాటాం. వాన రాలేదు. మార్తమ్మ అక్కడే ఆగిపోయి, కింది బోరు నుంచి నెల రోజులు బిందెతో నీళ్లు మోసింది. కోచింగ్ సెంటర్‌లో పని పోయింది. ఒక్క మొక్క నిలిచింది.

రాష్ట్రం ఏర్పడిన నెలలోనే ఫోన్ చేసింది.

"తెలంగాణ ఒచ్చింది మేడం. వానే ఒస్తలేదు."

"తీగ?"

"ఉన్నది. నీళ్లు మోస్తున్న."

సీసాలో దేన్నైనా మొలిపించగలనని నాకో గర్వం ఉండేది. గింజను మొలిపించగలను, దాని కాలాన్ని మాత్రం తెచ్చివ్వలేనని మార్తమ్మ వల్ల తెలిసింది. ఇప్పుడు జూన్‌లో ఎప్పుడు మబ్బు కమ్మినా, ఇక్కడ కాదు, ఆ గుట్ట మీద కురిస్తే బాగుండునని మనసు కొట్టుకుంటుంది.