పిన్నిగారిని నడవనివ్వని రోజులు

ఈ ఉదయం మోకాళ్ళకు నొప్పుల నూనె రాసుకుంటుంటే, దేవుడి గదిలోని కర్పూరం వాసన వచ్చి దానితో కలిసింది. ఆ రెండూ కలిస్తే నాకు నర్సమ్మ పిన్నిగారే గుర్తొస్తారు. సీతమ్మధారలో మా రామాలయంలో ఇరవై ఏళ్ళు పారాయణం చెప్పారావిడ. మాకు బంధువు కాదు. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన నాకు, నోటితో చదివే శ్లోకాన్ని మనసుతో చదవడం నేర్పిన మనిషి.

ఆవిడకు కీళ్ళవాతం. వేళ్ళు, మోకాళ్ళు ఉబ్బిపోయేవి. అయినా మద్దిలపాలెం నుంచి గుడికి నడిచే వచ్చేవారు. అది చూడలేక నేనే పూనుకుని రోజూ ఆటో ఏర్పాటు చేశాను. కింద కూర్చోనివ్వకుండా కుర్చీ వేయించాను. ప్రదక్షిణలు కూడా ఆవిడ పేరు చెప్పుకుని మేమే చేసేవాళ్ళం.

"నాను ముసల్దాన్ని గానీ మూటని కాను బాబూ. ఆటోలో పడేసి తీసుకెల్తారేటి?" అని నవ్వారు. మీకు సేవ చేసే భాగ్యం మాకు దక్కనివ్వండి అన్నాను. ఆ మాటను ఆవిడ కాదనలేకపోయారు.

కొన్ని నెలలకు డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. "పైకి కనిపించే వాపు కీళ్ళది. ఈ జబ్బులో అలాంటి వాపే లోపల రక్తనాళాలకూ వస్తుంది, గుండెకు ముప్పు పెరుగుతుంది. మందులు మానొద్దు. నొప్పి మరీ ఎక్కువైన రోజు తప్ప, ఓపిక ఉన్నంత మేర రోజూ నడవాలి" అని ఆయన విడమరచి చెప్పారు. అన్నీ విన్నాను. బయటికి వచ్చి ఆవిడను మళ్ళీ ఆటోలోనే ఎక్కించాను. పైవాడు చూసుకుంటాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, గుడి ముందు ఆవిడ చేయి పట్టుకుని దింపుతుంటే పదిమందీ నన్ను చూడడం నాకు బాగుండేది.

ఒక ఏకాదశినాడు పారాయణం మధ్యలో ఆవిడ పుస్తకం మూసేశారు. "గుండి మీద రాయెట్టినట్టుంది బాబూ" అన్నారు. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. మూడో రోజు మంచం పక్కన నిలబడి, తప్పు నాదేనన్నాను.

"నీ ఒక్కడిదే కాదు. రోగముంది, వయసుంది. నానూ కుర్సీ మరిగాను." మళ్ళీ ఆవిడే అన్నారు. "సామి నాకూ కాళ్ళిచ్చాడు గదా. నా పేరు సెప్పి మీరు తిరిగేత్తంటే, రేపు ఆయన నన్నడగడేటి?"

తర్వాత డాక్టరు చెప్పిన మేరకు మళ్ళీ నడక మొదలుపెట్టారు. మొదట వీధి చివరి దాకా, ఆపైన గుడి చుట్టూ. పక్కన నేను. తొందరపడి ముందుకు పోతే "ఏటి, రైలు తప్పిపోతాదా?" అని దెప్పేవారు. అలా నాలుగేళ్ళు నడిచారు. ఒళ్ళు చూసుకోవడం కూడా దేవుడికి చేసే పూజేనని ఆవిడ అడుగుల పక్కన అడుగులు వేస్తూ తెలుసుకున్నాను.

ఇప్పుడావిడ లేరు. పారాయణం నేను చెబుతున్నాను. నా మోకాళ్ళ సంగతి తెలిసి సత్సంగంవాళ్ళు ఈ ఉదయం ఇంటి ముందుకు ఆటో పంపారు. నన్నూ నడవమనే అన్నారు డాక్టరు. "ఎక్కండి గురువుగారూ" అన్నాడు డ్రైవరు. ఆ పిలుపు చెవికి తీయగానే ఉంది.

"నాను మూటని కాను బాబూ" అన్నాను, ఆవిడ యాసలోనే.

అతను అర్థంకాక చూస్తుండగా, చెప్పులు వేసుకుని మెల్లగా గుడివైపు నడిచాను.