పువ్వుకు ఎవరు చెప్పాలె

మా మేస్త్రమ్మ పోయింది. గద్వాలలో ఎరువుల దుకాణం ముందు ఆటోలోకి సంచులు ఎక్కిస్తుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "పొద్దుగాల లేపితే లేవలే పటేలా. అమ్మ నిద్రలనే పోయింది" అంది. సంచులు అక్కడే దింపించి, అదే ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. ముందురోజు సాయంత్రం దాకా నా చేన్లోనే ఉన్న మనిషి.

నాది సీడు పత్తి, విత్తనాల కోసం వేసేది. ఆ పని తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మర్నాడు పూసే మొగ్గలను సాయంత్రం గిల్లి, లోపలి పుప్పొడి తీసేయాలి. పొద్దున అవి విచ్చుకోగానే మగపువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ రుద్దాలి. ఆ పూట తప్పితే ఆ పువ్వు దండగ. ఈ పని చేసేది ఆడవాళ్లే. అలాంటి పదిహేను మందికి ఆమె పెద్ద. చేను నాదని పట్టా చెబుతుంది గానీ, పొద్దున పూట అక్కడ సాగేది ఆమె మాటే.

సాలులోకి దిగేముందు మగపువ్వు ఒకటి తీసుకుని బొటనవేలి గోరుకు రాసి చూసేది. పుప్పొడి అంటితే "ఉంది, నడువుండ్రి" అనేది. దుమ్ములా రాలిపోతే "సచ్చింది" అని బుట్ట పక్కన పెట్టేది. నేను ఫోన్‌లో ఎండ ఎంతుందో చూస్తుంటే "మా పటేలుకు ఎండ ఫోన్ల గొడ్తది" అని నవ్వేది. అందరి ముందూ అనేది. నాకు కోపం వచ్చేది కాదని చెబితే అబద్ధం.

వానలు పోయాక కూడా మాడ్చే ఎండలు మొదలైనప్పుడు అందరికంటే ముందు మారింది ఆమే. పది దాటితే పుప్పొడి నిలవడం లేదని పని ముందుకు జరిపింది. మగపువ్వుల బుట్టల మీద తడిగుడ్డ కప్పించింది. అంబలి తాగే వేళ మార్చింది. అలాంటి మనిషిని మార్పు తెలియని మొండి అని ఎవరంటారు?

తెలివితక్కువ పని చేసింది నేను. గట్టు మీది వేపచెట్ల నీడకు కింది సాళ్లలో కాయ పట్టడం లేదని ఆరు చెట్లూ కొట్టించాను. రెండు సాళ్లు కలిసొచ్చాయి. మరుసటి ఏడు ఆడవాళ్లకు తినడానికి, కూర్చోవడానికి నీడ లేకపోయేసరికి ఆకుపచ్చ వల కొనుక్కొచ్చి కట్టాను. పెద్ద ఉపకారం చేసినట్టు ఆమె వైపు చూశాను. ఆమె వల కింద నిలబడి, పైకి చూసి, "చెట్టు కొట్టి పరదా గట్టినవా? మంచిగుంది పటేలా" అంది.

ఆ వారమే మా రైతువేదికలో మీటింగు. వచ్చిన అధికారి మంచివాడే. కాలం మారిపోయింది, మనమే సర్దుకోవాలి, పనివేళలు మార్చుకోండి, నీళ్లు ఎక్కువ తాగండి అని ఓపికగా చెప్పాడు. నేను తల ఊపాను. వెనక వరసలోంచి ఆమె లేచింది.

"మేము ఎండకు అలవాటైతం సారూ. పువ్వుకు ఎవరు చెప్పాలె?"

"సర్దుకోమని మాకు చెప్తున్నరు, మంచిదే. పొగ బెట్టి ఎండ పెంచెటోళ్లకు గూడ గిట్లనే మీటింగు బెట్టి చెప్తున్నరా?" అని అడిగింది.

"అది నా చేతుల్లో లేదమ్మా" అన్నాడాయన.

"నా చేతిల గూడ లేదు. అయినా అడుగుతున్న గద" అని కూర్చుంది.

మర్నాడు పొద్దున గుంపు వచ్చింది గానీ చేన్లోకి దిగలేదు. గట్టు మీద వరసగా నిలబడ్డారు. ముందురోజు గిల్లిన మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. ఏందని అడిగితే, చెట్లు మళ్లీ పెడతానని, పంట అయ్యాక పత్తికట్టె కాల్చనని అందరి ముందూ మాటియ్యమంది మేస్త్రమ్మ. నాకు ఒళ్లు మండింది. "నా గట్టు మీద ఆరు చెట్లు పెడితే దేశం మీద ఎండ తగ్గుతదా?" అన్నాను.

"తగ్గదు. నాకు తెల్వదా కొడుకా?" అంది. పటేలా అనలేదు. "మగపువ్వు ఒక చేత బట్టుకుంటం, ఇంకో చేత్తోని ఆడపువ్వును బడ్తం. ఒక్క చేత్తోని అయితదా ఈ పని? సర్దుకునుడు ఒక చెయ్యి, ఆపుడు ఇంకో చెయ్యి. నువ్వు చెట్లు కొట్టుకుంట పోతే, పెద్దోళ్లను ఏ మొఖం బెట్టుకొని అడుగుతవు?"

తొమ్మిదిన్నరకు మాటిచ్చాను. పువ్వు పోతుందన్న భయంతోనే ఇచ్చాను, నమ్మి కాదు. నమ్మకం తర్వాత నెమ్మదిగా వచ్చింది. ఇప్పుడు పత్తికట్టెను మిషనుతో పొడి చేసి నేలలోనే కలుపుతున్నాను. మూడేళ్లలో వేపలు నా ఎత్తు దాటాయి. ఆమెకు ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు అదే నన్ను తింటోంది.

ఆమెను మట్టిలో కలిపిన మూడో రోజు గుంపు పనికి వచ్చింది, ముందు కూతురు. రెండు రోజుల పువ్వు అప్పటికే పోయింది; ముందురోజు సాయంత్రం మాత్రం వచ్చి మొగ్గలు గిల్లి పోయారు. నా పక్క చేను మా చిన్నాయన కొడుకుది, నాకు తమ్ముడు. అతని పనీ ఈ గుంపుదే. ఆ పొద్దున అతను తన గట్టు మీది కానుగలు కొట్టడానికి రంపం మిషను మనిషిని పిలిపించాడు. మిషను చప్పుడు వినగానే కూతురు బుట్ట దించి అటు నడిచింది. వెనకే పద్నాలుగు మందీ పోయి చెట్లకు ఆనుకుని నిలబడ్డారు. కూతురు మా తమ్ముడిని తిట్టలేదు, బతిమాలలేదు. "ఆపితే దిగుతం అన్నా" అంది, అంతే.

తమ్ముడు నా వైపు చూశాడు. నువ్వన్నా చెప్పన్నా అన్నట్టు. నా చేన్లోనూ పూలు విచ్చుకుంటున్నాయి, వాటికి రుద్దాల్సిన చేతులన్నీ అక్కడే ఉన్నాయి. నేను పోయి చివరి కానుగ దగ్గర నిలబడ్డాను. ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది. రెండు చేన్ల నిండా మీగడ రంగు పూలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఒక్కరూ సాలులోకి దిగలేదు.