మెడికల్ సీటుకు ఒక అఫిడవిట్టు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా ముప్పై నిండలేదు. అయినా నీట్ రాసినవాళ్ల వయసు వేరే లెక్కలో నడుస్తుంది. లాంగ్‌టర్మ్ కోచింగులో గడిపిన ఒక్క ఏడాది పదేళ్లకు సమానం. అందుకని ధైర్యంగానే అంటున్నాను. ఆ రోజుల్లో మా చిత్తూరులో పిల్లలు రెండు రకాలుగా పుట్టేవాళ్లు, ఇంజనీర్లుగానూ డాక్టర్లుగానూ. (మూడో రకం కూడా ఉండేదట. వాళ్ల గురించి ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు.) నేను డాక్టరుగా పుట్టాను. ఆ సంగతి నాకూ, నీట్ ప్రశ్నపత్రానికీ తప్ప అందరికీ తెలుసు.

నా ర్యాంకు ఎంతో చెప్పను. ఆ అంకెను పలకడానికి మా అమ్మ మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. అర్హత మార్కులు మాత్రం వచ్చాయి, కదిలిన బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడినట్టు. ఇల్లంతా దిగాలుగా ఉన్న ఆ సమయంలో తిరుపతి నుంచి మా మామ దిగాడు. అమ్మకు తమ్ముడు. తిరుపతి బస్టాండు దగ్గర జిరాక్సు, ఇంటర్నెట్టు, లామినేషన్ అంగడి నడిపేవాడు. చేతికి దొరికిన ప్రతి కాగితాన్నీ లామినేషన్ చేసేవాడు కాబట్టి పిల్లలందరం ఆయన్ను లామినేషన్ మామ అనేవాళ్లం.

"బావా, తక్కువ మార్కులున్నా మెడికల్ సీటు ఎట్ల తెచ్చుకోవాల్నో ఇంటర్నెట్లో వివరంగా రాసినారు" అంటూ ఆరు పేజీల ఇంగ్లీషు వ్యాసాన్ని నాయన ముందు పెట్టాడు. దాన్నీ లామినేషన్ చేసే తెచ్చాడు. అది అమెరికా పిల్లల కోసం అమెరికాలో ఎవరో రాసిందని మొదటి పేజీలోనే ఉంది. అదే మాట నేనంటే, "చదువు యాడైనా చదువే కదా పాపా" అన్నాడు. ఆ ఆరు పేజీల సారాంశం ఏమిటంటే, మార్కులొక్కటే ముఖ్యం కాదని. (ఈ వాక్యం దగ్గరే ఇది మన దేశానికి సంబంధించింది కాదని మాకు అనుమానం రావలసింది.) ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్లు ఉండి పని చూడాలి, ఆ డాక్టరు చేత సిఫారసు ఉత్తరం రాయించుకోవాలి, మార్కులు ఎందుకు తగ్గాయో వివరిస్తూ మన కథ మనం రాసుకోవాలి, ఇవన్నీ పట్టుకుని ఇంటర్వ్యూకు పోవాలి. మార్కులు ఏటేటా పెరుగుతూ ఉంటే మరీ మంచిదట. నావి ఇంటర్ మొదటి ఏడు తగ్గి, రెండో ఏడు ఇంకా తగ్గాయి. మామ రెండు మార్కుల లిస్టుల్నీ పక్కపక్కన పెట్టి, కాసేపు చూసి, వాటి స్థానాలు మార్చి, "ఇప్పుడు సూడండి, పైకే పోతాండాది" అన్నాడు.

డాక్టరు కూడా మామ ఎరికలోనే దొరికింది. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై చంద్రగిరిలో చిన్న క్లినిక్ పెట్టుకున్న డాక్టరమ్మ. రెండు నెలలు మామ ఇంట్లో ఉండి రోజూ చంద్రగిరి బస్సెక్కాను. మొదటి రోజు తెల్లకోటు వేసుకుని పోతే డాక్టరమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఆ కోటు ఆడ తగిలించి, టోకెన్లు పిలువు" అంది. పిలిచాను. రెండో రోజూ పిలిచాను. మూడో రోజు నా మీద జాలిపడి లోపలికి రమ్మంది. ఒక అవ్వ వీపు మీద గడ్డ కోయాలి. కత్తి గడ్డకు తగలడం చూశాను. తర్వాత పైన ఫ్యాను తిరగడం చూశాను. బల్ల మీద నేను పడుకుని ఉన్నాను. ఆ బల్ల ఖాళీ చేసి దిగిన అవ్వ, వీపు మీద దూది అట్లాగే పెట్టుకుని, తన చీటీతో నాకు విసురుతోంది. "అమ్మా డాక్టరమ్మా, ముందు ఈ పాపను సూడు. నా గడ్డ యాడికీ పోదులే" అంటోంది.

అప్పటి నుంచి నా వైద్యసేవ గది బయటికే పరిమితమైంది. మందులు తీసుకున్న ముసలివాళ్లు నా దగ్గరికొచ్చి, ఏది ఎప్పుడు మింగాలని అడిగేవాళ్లు. చదవడం రానివాళ్లకు మాత్రల అట్టల మీద పొద్దుటికి సూర్యుణ్ణీ రాత్రికి చంద్రుణ్ణీ బొమ్మలేసి ఇచ్చేదాన్ని. రెండు నెలలయ్యాక డాక్టరమ్మ సిఫారసు ఉత్తరం రాసిచ్చింది. "ఈ అమ్మాయి రక్తం చూస్తే పడిపోతుంది. కానీ ఈమె చెబితే తప్ప మా పేషెంట్లు మందు మింగడం లేదు." అంతే, రెండు వాక్యాలు. మొదటిది తెల్లసిరాతో చెరిపేద్దామని మామ మూడుసార్లు అన్నాడు.

ఇక మిగిలింది కథ. మార్కులు తగ్గడానికి ఒక కష్టం కావాలి. మామ లామినేటెడ్ పేజీలో వేలు పెట్టి, "ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగలేకుంటే రాయమన్నాడు. అక్కా, నీకేమన్నా జబ్బు చేసిందా?" అని అడిగాడు. "నేను బాగుండేది కూడా నా తప్పేనా రా?" అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇల్లంతా వెతికినా పనికొచ్చే కష్టం ఒక్కటీ దొరకలేదు. చివరికి నాయన, "నేను రాస్తాలే" అన్నాడు. నాయన చిత్తూరు కోర్టు ఎదుట టైపు మిషను పెట్టుకుని అఫిడవిట్లు కొట్టేవాడు. ఆయనకు తెలిసిన సాహిత్యం అదొక్కటే. "అబద్ధం మాత్రం రాయనప్పా. ప్రమాణం చేసినాక ప్రమాణమే" అని ముందే మామకు చెప్పేశాడు. మూడు సాయంత్రాలు కూర్చుని రెండు పేజీలు కొట్టాడు. ఆయన దగ్గరికొచ్చే అందరిలాగే నేనూ చదవకుండా, చూపించిన చోట సంతకం పెట్టాను.

ధ్రువపత్రాల పరిశీలన తిరుపతిలో. నాయన, మామ, నేను ముగ్గురం పోయాం. కౌంటరు వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన. "ర్యాంకు కార్డు, టెన్త్, ఇంటర్, కులం సర్టిఫికెట్" అన్నాడు. మామ ఫైలు మొత్తం ముందుకు తోశాడు.

"ఇవన్నీ ఏందప్పా?"

"పాప గురించి సార్. ఇంటర్వ్యూ యాడ సార్ జరిగేది?"

"ఇంటర్వ్యూనా?" పెద్దాయన చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఈడ ర్యాంకు సూస్తారు. అంతే."

ఆ నిమిషంలో నేల చీలితే బాగుండుననుకున్నాను. కానీ ఆయనకు మా మీద జాలో, తన ఉద్యోగం మీద విసుగో, అఫిడవిట్టు చేతికి తీసుకుని పైకే చదవడం మొదలుపెట్టాడు. "అఫిడవిట్టుదారు ప్రమాణపూర్వకంగా విన్నవించుకొనునది ఏమనగా..." పక్క కౌంటరు ఆవిడ కూడా వచ్చింది. "నాలుగో పేరా. అఫిడవిట్టుదారుకు ఫిజిక్స్ రాదు. ఇందుకు వేరే కారణమేదియు లేదు." ఇద్దరూ పడీపడీ నవ్వారు. నా వెనక క్యూలో ఉన్నవాళ్లూ నవ్వారు. "ఏడో పేరా. ఈ మార్కులకు అఫిడవిట్టుదారు ఒక్కతే బాధ్యురాలు కాదు. డాక్టరు చదువు ఆమెకు ఇష్టమా అని ఆమె తండ్రి ఏనాడూ అడిగియుండలేదు."

పెద్దాయన అక్కడ ఆగాడు. కళ్లజోడు పైనుంచి నాయన వైపు చూశాడు. నాయన గోడ మీదున్న నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాడు. పెద్దాయన ఆ రెండు పేజీలూ జాగ్రత్తగా మడిచి నా చేతికే ఇచ్చి, "ఇది నీ దగ్గర పెట్టుకో తల్లీ. మాకు అక్కరలేదు" అన్నాడు.

మామను అంగడి దగ్గర దింపేసి మేమిద్దరం చిత్తూరు బస్సెక్కాం. ఊరు దాటాక నాయనే అన్నాడు. "కారణం వెతకమనిరి గదా పాపా. మూడు దినాలు వెతికినా. అదొకటే దొరికింది." నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంకొంచెం దూరం పోయాక, "ఇంతకీ నీకేం ఇష్టం?" అని అడిగాడు.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి వచ్చిన ప్రశ్న. దానికీ నేను చదువుకుని పోలేదు. "ఆలోచించి చెప్తా నాయనా" అన్నాను. చెప్పడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఫార్మసీ చదివి, ఇప్పుడొక ఆస్పత్రిలో మందుల కౌంటరు వెనక, ఏ మాత్ర తిన్నాక, ఏది తినకముందు అని రోజంతా గొంతు పోయేలా చెబుతుంటాను. ఈ పని నాకిష్టం. కానీ ఆ బస్సులో కిటికీ పక్కన, ఒళ్లో ఫైలు పెట్టుకుని, సొంత ఇష్టం ఏమిటో తెలియక తెల్లమొహం వేసిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఉంటే ఏదో ఒకటి పెట్టేసేది.